ప్రార్థనలో పెట్టే అంకుల్

ఐర్లండ్‌లో మేముండే చిన్న ఊళ్లో ఇండియన్ కొట్టు ఒక్కటే. కిల్కెన్నీ ఆసుపత్రిలో డ్యూటీ దిగి, కరివేపాకు కోసం అక్కడికే వెళ్లేదాన్ని. కొట్టు నడిపే అంకులే మా తెలుగు క్రైస్తవ సంఘానికి పెద్ద కూడా. ఎవరు కష్టం చెప్పుకున్నా చేతిలో పని ఆపి, గల్లాపెట్టె మీద అరచెయ్యి ఆనించి, "ప్రార్థనలో పెడతానమ్మా" అనేవారు. ఆ మాట వింటే సగం బరువు దిగినట్టుండేది.

అందుకే ఒకరోజు కొట్టులో ఎవరూ లేనప్పుడు చెప్పేశాను. "మా ఆయన ఇల్లు వదిలి డబ్లిన్ పక్కన టాలట్‌లో రూమ్ తీసుకుని మూడు నెలలైంది అంకుల్. అమ్మకు కూడా చెప్పలేదు."

ఆయన కళ్లు చెమర్చాయి. "ప్రార్థనలో పెడతానమ్మా."

మాట తప్పినా బాగుండేది. ఆదివారం కమ్యూనిటీ హాల్లో, సంఘమంతటి ముందూ, మైకులో, నా పేరుతో సహా పెట్టారు. "ఈ బిడ్డను భర్త విడిచి టాలట్‌లో ఉంటున్నాడు ప్రభువా, అతని మనసు మార్చు తండ్రీ!" అని వెక్కి వెక్కి ఏడ్చారు. నేను కళ్లు తెరిచాను. అందరి కళ్లూ తెరిచే ఉన్నాయి, నా మీదే. నిజంగా కళ్లు మూసుకున్నది ఆయన ఒక్కరే.

ఎవరు చేరవేశారో, నేను బస్సు దిగేలోపే గుంటూరు నుంచి అమ్మ ఫోన్. ఒకటే ఏడుపు.

ఆ తర్వాత కొట్టుకు వెళ్లింది ఒక్కసారే, నిలదీద్దామని. నోరు తెరవకముందే, నా కోసం దాచిన కరివేపాకు చేతిలో పెట్టి మురిసిపోయారు.

"అమ్మకు చెప్పలేదన్నావు, మీ అమ్మగారే ఫోన్ చేశారటగా! చూశావా తల్లీ, దేవుడు ఎంత తొందరగా విన్నాడో!"