లాన్‌ఫాంగ్ సంతకం

ఛూ లాన్‌ఫాంగ్‌కు ఇంగ్లీషులో ఒక్క ముక్క రాదు. అయినా చైనాలోని నాన్‌టోంగ్‌లో మా అపార్ట్‌మెంట్ల మొత్తం మీద పిల్లల ఇంగ్లీషు డిక్టేషన్ ఆమెంత కచ్చితంగా దిద్దేవాళ్ళు లేరు. నూలు మిల్లులో ముప్పై ఒక్క ఏళ్ళు గుడ్డ తానుల్లో లోపాలు పట్టిన మనిషి. తెగిన పోగు కనబడితే సుద్దముక్కతో గీత గీసేది. గుడ్డంతా కళ్ళ ముందు నుంచి సాగిపోయాకే ముద్ర వేసేది. ఇప్పుడు ఆ కళ్ళకు మనవరాలు తాంగ్‌తాంగ్ నోటుబుక్కు దొరికింది.

ఐదో తరగతి పిల్లలకు రోజూ ఇదే వరస. బడి నుంచి రాగానే ఇంట్లో పెద్దవాళ్ళు మన చైనా భాషలో ఒక్కో మాటా చెప్పాలి, పిల్ల దాన్ని ఇంగ్లీషులో రాయాలి. పెద్దవాళ్ళు దిద్ది, కింద సంతకం పెట్టాలి. సంతకం లేని పిల్లల పేర్లు మర్నాడు తల్లిదండ్రుల ఫోన్ గ్రూపులో పడతాయి. ఆ పరువు తక్కువ కంటే పిల్లకు జ్వరం రావడమే నయమనుకునే తల్లులున్నారు. లాన్‌ఫాంగ్ "గొడుగు" అంటుంది, "వంతెన" అంటుంది, పిల్ల రాసినదాన్ని పుస్తకం పక్కన పెట్టి ఒక్కో అక్షరం ఆకారం పోల్చి చూస్తుంది. ఒక అక్షరానికి తోక కురచైనా దొరికిపోవలసిందే.

ఆ గురువారం మాటలయ్యాక, పాఠం చదివి ప్రశ్నలకు జవాబులు గుర్తించే పని మిగిలింది. లాన్‌ఫాంగ్ పచ్చి సోయా కాయలు ఒలుస్తూ ఓరకంట చూస్తోంది. రెండు నిమిషాల్లో ఐదు జవాబులూ అయిపోయాయి. పుస్తకం చివరి పేజీలోని జవాబులతో పోల్చి చూస్తే ఐదూ ఒప్పే. పాఠం పైన ఒక బొమ్మ ఉంది. కిటికీలో ముసలాయన, గుప్పెట్లో గింజలు, చుట్టూ పిచ్చుకలు.

"ఈ తాత ఎవరే?" అంది లాన్‌ఫాంగ్.

"ఏమో."

"ఏమో ఏమిటి? ఇప్పుడేగా చదివావు!"

"చదవలేదు అమ్మమ్మా. కథ చదువుతూ కూర్చుంటే టైం చాలదు. ముందు ప్రశ్న చూడాలి, అందులో ముఖ్యమైన మాట పట్టుకోవాలి, ఆ మాట కథలో ఎక్కడుందో వెతకాలి. దాని పక్కనే జవాబుంటుంది. ట్యూషన్‌లో అందరం ఇంతే."

లాన్‌ఫాంగ్ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. మనవరాలి తెలివికి ముచ్చటేసింది, ఆ వెంటనే ఒళ్ళు మండింది. ఈ రెంటినీ మించి, ఆ తాత సంగతేమిటో తెలుసుకోవాలని ప్రాణం కొట్టుకుంది. పైగా సంతకం గడి మీద అచ్చులో రాసే ఉంది: పిల్ల చదివి అర్థం చేసుకుంది.

"ఆ తాత కథేమిటో చదివి చెప్పు. అప్పుడు పెడతా సంతకం."

"అన్నీ కరెక్టేగా!"

"గుడ్డ విప్పి చూడకుండా ముద్ర వేయమంటావా? నా సర్వీసులో ఒక్కనాడూ వేయలేదు."

తాంగ్‌తాంగ్ మొహం కందిపోయింది. రేపు గ్రూపులో తన పేరు పడుతుంది, ఇంతవరకు ఒక్కసారీ పడని పేరు. వెంటనే మందుల షాపులో పని చేసే తల్లి రుయ్‌లీకి ఫోన్ చేసి, స్పీకర్ నొక్కి అమ్మమ్మ ముందు పెట్టింది.

"నీ మొండితనం చిన్నపిల్ల దగ్గరా అమ్మా? పెట్టేయ్, నా తల్లివి కదూ! ఇక్కడ జనం లైన్లో ఉన్నారు."

"వాళ్ళకు మందులివ్వు. చీటీ చదివే ఇస్తున్నావుగా?"

ఫోన్ కట్టయింది.

తాంగ్‌తాంగ్ ముక్కు ఎగబీలుస్తూ పాఠం ముందు కూర్చుంది. ఒక్కో వాక్యం చదివి, మన భాషలో విసురుగా చెప్పింది. సముద్రం ఒడ్డున ముసలాయన ఉంటాడు. రోజూ పొద్దున్నే కిటికీ తెరిచి పిచ్చుకలకు గింజలు వేస్తాడు.

"ఒక్కడేనా? పెళ్ళాం లేదా?"

"రాయలేదు."

"ఏం గింజలు? జొన్నలా?"

"గింజలు అనే ఉంది అమ్మమ్మా! నన్ను చదవనిస్తావా?"

నాలుగో వాక్యానికి విసురు తగ్గింది. తెలియని మాట వస్తే అడగకుండానే పుస్తకం వెనక పేజీల్లో అర్థం వెతికింది. చలికాలం వచ్చిందట. ఒక పొద్దున కిటికీ తెరుచుకోలేదట. పిచ్చుకలు చీకటి పడేదాకా గోడ మీద కూర్చున్నాయట. మర్నాడు ఊరివాళ్ళు వచ్చి కిటికీ కింద పూలు పెట్టారట.

పిల్ల చదవడం ఆపి ప్రశ్నల వైపు చూసింది. ఊరివాళ్ళు ఏం తెచ్చారన్నది నాలుగో ప్రశ్న. పూలు అన్న జవాబు చుట్టూ తాను గీసిన సున్నా ఎంత గుండ్రంగా ఉందో!

"ఏమైందే? తర్వాత?"

"తర్వాత లేదు." తాంగ్‌తాంగ్ పాఠమంతా పైనుంచి కిందికి మళ్ళీ వేలితో వెతికింది. "చనిపోయాడు అన్న మాట ఎక్కడా లేదు అమ్మమ్మా."

"లేదా?"

"లేదు. కానీ చనిపోయాడు."

అంటూనే బావురుమంది. లాన్‌ఫాంగ్ దగ్గరికి లాక్కుంది. ఓదార్చబోయి తనూ చొక్కా చేతితో కళ్ళొత్తుకుంది. పేరూ ఊరూ తెలియని ఆ ముసలాయన మీద ఆమెకు నిజంగానే బెంగ పుట్టింది.

కాసేపటికి పెన్ను తీసుకుంది. ఆ గడిలో ఇళ్ళన్నిటా పెద్దవాళ్ళు రాసే మాట ఒకటే, పూర్తయింది, అన్నీ ఒప్పు అని. లాన్‌ఫాంగ్ నిదానంగా, గీత తప్పకుండా రాసింది:

"చదివింది. ఏడ్చింది."

కింద సంతకం పెట్టింది.