మార్కాపురం పెళ్ళిచూపుల్లో నేను కలిపిన వరస

నా పెళ్ళిచూపుల్ని నేనే ఎట్ల తగలబెట్టుకున్నానో చెప్తా. నవ్వండి గానీ మరీ పగలబడి నవ్వొద్దు. అప్పుడు నాకు వయసు ఇరవై ఆరు, బుద్ధి మాత్రం ఆరేళ్ళది.

మాది గిద్దలూరు. తలుపు తీస్తే నల్లమల కొండలు, సాయంత్రమైతే చల్లగాలి, బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీలు, వానలు వెనకబట్టే వేళకు అడవి నుంచి గంపల్లో దిగే సీతాఫలాలు. వీటన్నిటికంటే పెద్ద సుఖం, ఊర్లో పరాయోళ్ళనేవాళ్ళు లేకపోవడం. ఇంటి నుంచి నా జిరాక్స్ దుకాణానికి పది నిమిషాల నడక. నాకు గంట పట్టేది. "మామా, తిన్నావా?" "పిన్నీ, మోకాలు నొప్పి తగ్గిందా?" "ఖాదర్ చిచ్చా, సలాం!" పూలమ్మే ఆమె నుంచి బ్యాంకు మేడం దాకా, నాకంటే పెద్దదైతే అక్క, చిన్నదైతే చెల్లెమ్మ. ఆలోచించి అనేది కాదు, తుమ్ములాగా దానంతటదే వస్తుంది.

పిల్లనిచ్చేవాళ్ళకు ఈ సుఖాలు కనపడవు కదా! "కొండల్లో ఏముంది బాబూ, హైదరాబాదులో ఉద్యోగం లేదా?" అని నాలుగిళ్ళల్లో తిప్పి పంపినారు. ఐదోది మార్కాపురం సంబంధం. అమ్మాయి పేరు శ్రావణి. "చిన్న ఊరైతేనే నాకిష్టం" అని తనే చెప్పిందంట. ఫోటో చూసినప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. నిజం చెప్తున్నా, ఆ పిల్లే కావాలనిపించింది.

బస్సు దిగగానే అమ్మ హెచ్చరించింది. "అడిగినదానికే జవాబు చెప్పు రా. నీ లొడలొడ వాగుడు ఇక్కడొద్దు."

వింటే కదా! గడప దాటుతూనే "మామా, బాగుండావా?" అన్నా. అమ్మాయి నాయన మొహం వెలిగిపోయింది. "అత్తా, ఇవి మా కొండ సీతాఫలాలు" అని సంచి ఇస్తే వాళ్ళమ్మ మురిసిపోయింది. "అప్పుడే వరస కలిపినాడే!" అని వాళ్ళ అవ్వ బోసినోటితో నవ్వింది. నేనింక ఆగుతానా? కొండలు, గాలి, బజ్జీలు, అన్నీ వర్ణించి పడేసినా. తలుపు వెనక గాజులు గలగలమన్నాయి, అంటే వింటోందన్నమాట. సంబంధం ఖాయమే అనుకున్నా.

అప్పుడు శ్రావణి కాఫీ తెచ్చింది. ఫోటోలో కంటే బాగుంది. కప్పు అందుకొని ఒక గుక్క తాగినా.

"చక్కెర సరిపోయిందా?" అని మెల్లగా అడిగింది.

"బ్రహ్మాండంగా ఉంది చెల్లెమ్మా!"

అమ్మ నా తొడ గిల్లింది, అప్పుడు గిల్లి ఏం లాభం?

"ఏంది నాయనా ఇది?" అన్నాడు వాళ్ళ నాయన. "నన్ను మామా అంటివి, నా కూతుర్ని చెల్లెమ్మా అంటివి. ఇదెక్కడి వరస?"

"అలవాటు మామా! మా ఊర్లో అందర్నీ ఇట్లే పిలుస్తా. కావాలంటే ఈ అవ్వను కూడా..."

"నన్నేమీ పిలవొద్దు సామీ," అంది అవ్వ. "నోరారా చెల్లెలన్నాక ఇంక తాళి ఎట్ల కడతావు?"

శ్రావణి పమిట నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పరిగెత్తింది. ఏడుస్తోందనుకున్నా. కాదు, లోపలి నుంచి నవ్వు వినపడింది.

మర్నాడు మామ, అదే, వాళ్ళ నాయన ఫోన్ చేసినాడు.

"మా అమ్మాయికి నువ్వు బాగా నచ్చినావు నాయనా."

నా గుండె ఎగిరి గంతేసింది.

"తోడబుట్టినోడు లేని లోటు తీరిందంటోంది."

మాఘమాసంలో శ్రావణికి బేస్తవారిపేట అబ్బాయితో పెళ్ళయింది. మొదటి శుభలేఖ నాకే వచ్చింది. పోకపోతే ఏడుస్తున్నాననుకుంటారు, పోతే నిజంగానే ఏడుస్తా. చివరికి పోయినా. అన్నకు పనేముంటుంది? నడుముకు తువ్వాలు చుట్టి, బూరెల బకెట్టు పట్టుకొని మగపెళ్ళివారికి వడ్డించడం. పెండ్లికొడుకు పక్కన కూర్చున్న శ్రావణి తలెత్తి, ఎంతో ప్రేమగా అంది:

"అన్నా, మీ బావకు ఇంకో రెండు బూరెలు వెయ్యి."

వేసినా. నెయ్యి కూడా పోసినా.

ఆ బకెట్టు పట్టుకొనే ఒట్టు పెట్టుకున్నా: ఇక ఈ జన్మలో ఏ పెళ్ళిచూపులకు పోయినా, నా నోట్లోకి కాఫీ పోవడమే గానీ మాట బయటికి రాదు.