చిటికెనవేలు

స్లైడు మార్చిన ప్రతిసారీ ల్యాబ్ టెక్నీషియను కళ్లజోడు నుదుటికెక్కించి, మైక్రోస్కోపు కింద వెలుతురు రంధ్రాన్ని పెంచి తగ్గించే మీటను చిటికెనవేలితో వెంట్రుకవాసి జరుపుతాడు. "ఈయన అద్దంలో మొహం చూసుకోవాలన్నా మీట వెతుకుతాడు," అని నర్సులు నవ్వుతారు. ఆ ఉదయం పెట్టింది సొంత చెల్లెలి రక్తం. చూడగానే కనిపించాయి, క్యాన్సరు కణాలు. మీటను ఆ చివరికంటా తోసేశాడు. వెల్లవేసినట్టున్న వెలుగులో పాడు కణాలన్నీ కలిసిపోయాయి. "ఏముందన్నయ్యా?" గుమ్మంలోంచి అడిగింది చెల్లెలు. "ఉండమ్మా, ఇంకా కుదరలేదు." ఆ తెల్లదనాన్నే చూస్తూ చాలాసేపు కూర్చున్నాడు. కానీ ముప్పై ఏళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? చిటికెనవేలు తనంతట తనే మీటను దాని చోటికి తెచ్చింది. అంత తేటగా కుదిరిన స్లైడు అతని సర్వీసులోనే లేదు.