ఫైనల్ ముందు రక్తం ఇవ్వరు

మా పేపరువాళ్ళకు స్కోరు చాలు. నాకు మాత్రం ఓడినవాళ్ళు ఆ సాయంత్రం ఏం చేస్తారన్నదే కుతూహలం. ఖరగ్‌పూర్‌లో ఎన్నేళ్ళుగా ఆటల వార్తలు రాస్తున్నా, విజిల్ పడగానే నా కాళ్ళు ఓడిన జట్టు డేరా వైపే నడుస్తాయి. ఇంటావిడ దీన్ని జబ్బంటుంది.

మా ఊళ్ళో క్లబ్బు అన్నాక రక్తదాన శిబిరం పెట్టాల్సిందే. పందిరి, పాటలు, ఇచ్చినవాళ్ళకు టిఫిన్ డబ్బా. మైకు నా చేతికిస్తారు. ఆటగాళ్ళు వేదికెక్కి దండలు వేయించుకుంటారు గానీ, సీజన్‌లో సూది దగ్గరికి రారు. రక్తమిస్తే కాళ్ళలో బలం పోతుందని వాళ్ళ నమ్మకం.

మొన్న వేసవిలో, ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే కాలనీలో మా పక్క క్వార్టర్ పాపకు రక్తం దొరకలేదు. పుట్టుకతో వచ్చిన జబ్బు, నెలనెలా ఎక్కించాలి. బ్లడ్ బ్యాంకులో ఆ గ్రూపు అయిపోయింది, మనుషుల్ని తెచ్చుకోమన్నారు. రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరైన వాళ్ళ నాన్న ఇందా పేటంతా తిరిగి ఉత్తచేతులతో వచ్చాడు. పాప మంచం దిగడం మానేసింది. నాకు భయం వేసింది.

మర్నాడే ఫుట్‌బాల్ ఫైనల్. రెండు జట్లనూ అడిగాను. ఆట అయ్యాక చూద్దామన్నారు. వాళ్ళ మీద ఒళ్ళు మండింది.

ఫైనల్ పెనాల్టీల దాకా వెళ్ళింది. గెలిచినవాళ్ళు బ్యాండుమేళంతో ఊరేగారు. అలవాటుకొద్దీ నేను ఓడినవాళ్ళ డేరాలోకి వెళ్ళాను. ఆఖరి గోలు వదిలేసిన గోల్‌కీపర్ బూట్లు విప్పుకుంటున్నాడు. అతనితో ఎవరూ మాట్లాడటం లేదు. ఆ గోలు గురించి అడగాలని నాకు నాలుక దురదపెట్టింది, కానీ నోరు రాలేదు.

అతనే తలెత్తాడు. "ఇప్పుడు రగతం ఇచ్చీయొచ్చా సార్?"

అలసిన ఒంటితో తీసుకోరని, తిని పడుకుని పొద్దున్నే బ్లడ్ బ్యాంకుకు రమ్మని చెప్పాను. వస్తాడని నమ్మకం లేదు. వచ్చాడు, సగం జట్టును వెంటేసుకుని. అతనిది పాప గ్రూపే. పరీక్షలయ్యాక ఆస్పత్రిలో పాపకు ఎక్కించారు.

సాయంత్రం పాపను చూపించమని అతనే అడిగాడు. తలగడకు ఆనుకుని కూర్చున్న పాప అతన్ని ఎగాదిగా చూసింది. నిన్నటి ఆట సంగతి వాళ్ళ నాన్న చెప్పినట్టున్నాడు.

"అన్నా, ఆ గోలెలాగ తినేసినావు?"

అతను నవ్వి, మంచం పక్కనే చేతులు చాపి చూపించాడు. ఆ గోలు కొట్టిన కుర్రాడు పోయినసారి ఎడమకు కొట్టాడట, ఈసారీ అటేనని ముందే దూకేశాడట.

"ఈసారి ఆగి దూకు" అంది పాప.

"ఆగుతాను. మరి నువ్వు సూడ్డానికి రావాల."

"వస్తాను" అంది పాప. వాళ్ళమ్మ కిటికీ వైపు తిరిగిపోయింది. నాకూ ఏడుపొచ్చింది.