కొత్త కుర్చీలకు మైకులు

చట్టసభలో ఓ మూలనున్న అద్దాల గది మైకుల ఆపరేటరుది. మెడ ముందుకు వంచి, చూపుడువేలు స్విచ్చు మీద ఆనించి, సభాధ్యక్షుడి చెయ్యి ఎప్పుడు లేస్తుందా అని చూస్తూ కూర్చుంటాడు. చెయ్యి లేచిందంటే ఎంతటి మంత్రి గొంతైనా టక్కున ఆగిపోవాల్సిందే. పొద్దున్నే మైకులు సరిచూసేటప్పుడు మాత్రం అందరిలా ఒకటీ రెండూ అనడు. "పెద్దోడా, చిన్నోడా" అని కొడుకుల్ని పిలుస్తాడు. కొండల్లో తిరుగుబాటుదారులు పెద్దవాణ్ణి చంపాక కూడా ఆ పిలుపు మానలేదు. చిన్నవాడిప్పుడు అవే కొండల్లో సిపాయి.

సైన్యాన్ని వెనక్కి పిలిచి, తిరుగుబాటుదారులతో రాజీపడి, వాళ్లకూ సభలో చోటివ్వాలా వద్దా అని వారం రోజులు సభ్యులు గొంతులు చించుకున్నారు. చివరికి సరేనన్నారు. ఆ సాయంత్రం భార్య కళ్లు తుడుచుకుంటూ, "పోనీలెండి, చిన్నోడైనా మనకు దక్కుతాడు" అంది.

"దక్కుతాడు. మరి పెద్దోణ్ణి చంపినవాళ్లు మాట్లాడ్డానికి లేస్తే, స్విచ్చు వెయ్యాల్సింది నేనే కదే!"



మర్నాడు వాళ్ల కోసం వెనక వరసలో కొత్త కుర్చీలు వేశారు. ఇంకా వార్నిషు వాసన పోలేదు. ఆయన అక్కడి మైకు దుమ్ము తుడిచి, అలవాటుగా వంగి నోరు తెరిచాడు. మాట రాలేదు.

"అన్నయ్యా, ఏం వినపడట్లేదు. ఎప్పుడూ అనేదే అనండి!" అని అద్దాల గదిలోంచి తోటి ఉద్యోగిని కేకేసింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు.

"ఒకటి... రెండు..."