యాకయ్య ముఖం వెంట మరిపెడ నుంచి భూపాలపల్లి దాకా

ఈ ప్రయాణం ఏదో చూసి రావాలని మొదలైంది కాదు, ఒక ఫోన్‌తో మొదలైంది. మాఘమాసంలో ఒక శనివారం సాయంత్రం జనగామలో మా ఇంట్లో చదువుకుంటూ కూర్చుంటే, మరిపెడ దగ్గరి మిర్చి రైతు యాకయ్య ఫోన్ చేశాడు. రెండేళ్ల కింద ఆయన కల్లంలో ఒక పూట గడిపి, దోసిట్లో ఎండుమిర్చి పట్టుకుని నవ్వుతున్న ఆయన ఫొటో తీసి ఈ బ్లాగులోనే పెట్టాను. అడిగే పెట్టాను. ఊరంతా తిప్పి చూపించుకుని మురిసిపోయాడు కూడా. ఈసారి మంచీ చెడూ అడగకుండా ఒకటే మాట అన్నాడు. "నా ముఖం ఎవరికన్న అమ్మిన్రా మేడం?"

ఎవరికీ అమ్మలేదని చెప్పి, ఏమైందని అడిగాను. తర్వాత మెల్లగా విషయం తెలిసింది. భూపాలపల్లిలో ఒక విత్తనాల దుకాణం ముందు ఆ ఫొటోతో పెద్ద ఫ్లెక్సీ కట్టారట. 'నేను ఈ విత్తనమే వేశాను, మీరూ వేయండి' అని యాకయ్య అన్నట్టు రాశారు. మా దిక్కు మిర్చి విత్తనం అమ్మాలంటే సినిమావాళ్ల ముఖాలు పనికిరావు, పండించిన రైతు ముఖమే కావాలి. అది చూసే జనం సంచి కొంటారు. ఆ ఫ్లెక్సీ చూసి కొన్నవాళ్లలో యాకయ్య సొంత చెల్లెలి భర్త రాజయ్య ఒకడు. చేను మొత్తం ఆకు ముడతకు పోయింది. పైసలు తీసుకుని తమనే ముంచాడని రాజయ్య బావతో మాట బంద్ చేశాడు. వచ్చే వారమే ఆ ఇంట్లో కూతురి పెళ్లి. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తేవలసిన మేనమామ యాకయ్యే, కానీ ఆయనకు పిలుపు రాలేదు.

మర్నాడు పొద్దున్నే ఆరు గంటల బస్సెక్కాను. జనగామ నుంచి దేవరుప్పుల, పాలకుర్తి మీదుగా తొర్రూరు పోయి, అక్కడ మరిపెడ బస్సు మారాలి. ఆడవాళ్లయితే ఆధార్ కార్డు దగ్గర ఉంచుకోండి, జీరో టికెట్ ఇస్తారు. తొర్రూరు బస్టాండ్ బయట చాయ్ బాగుంటుంది కానీ ఆ రోజు నాకు రుచి తెలియలేదు. దారంతా ఒకటే మంట. రాత్రి యాకయ్య నాకు పంపిన ఫ్లెక్సీ ఫొటోలో మూలన నా పేరు లేదు. నా ఫొటోను నన్నడగకుండా ఎలా వాడతారు, మూలన ఉన్న నా పేరు ఎలా చెరిపేస్తారు అని మనసులోనే దుకాణం వాడికి నోటీసులు రాస్తూ పోయాను. తొమ్మిదిన్నరకు మరిపెడలో దిగేసరికి యాకయ్య బస్టాండ్ దగ్గరే నిలబడి ఉన్నాడు. పోయినసారి చేయి పట్టుకుని ఇంటికి తీసుకుపోయిన మనిషి ఈసారి ఇంటికి రమ్మనలేదు. తప్పు చేయకపోయినా తల తీసేసినట్టయింది.

అక్కడే ఒక హోటల్ బల్ల మీద నా ఫోన్‌లోని అసలు ఫొటో, ఆయన ఫోన్‌కు ఎవరో పంపిన ఫ్లెక్సీ ఫొటో పక్కపక్కన పెట్టి చూపించాను. అసలు ఫొటోలో ఆయన పక్కన భార్య ఉంది, ఆమె చేయి ఆయన భుజం మీద ఉంది. ఫ్లెక్సీలో ఆమెను కోసేశారు, కానీ భుజం మీద నాలుగు వేళ్లు అట్లాగే మిగిలాయి. యాకయ్య ఆ వేళ్లను పెద్దగా చేసి చాలాసేపు చూశాడు. "అమ్మేటోళ్లయితే మంచి ఫొటోనే ఇత్తురు, గిట్ల కోసి ఇయ్యరు" అని ఆయనే అన్నాడు. నా మీద అనుమానం అక్కడితో పోయింది. రాజయ్యకు ఫోన్‌లో చెబితే వినడం లేదనీ, దుకాణం సేటు నోటితో వింటేనే నమ్ముతాడనీ చెప్పాడు.

భూపాలపల్లికి బస్సుల్లో పోతే హన్మకొండలో మారాలి, సాయంత్రం అవుతుంది. అందుకే కారు మాట్లాడుకున్నాం. మహబూబాబాద్, నర్సంపేట, మల్లంపల్లి, ములుగు మీదుగా తీసుకుపోయి, సాయంత్రం దాకా అక్కడ తిప్పడానికి డ్రైవర్ నాలుగున్నర వేలు అడిగాడు. దారి పొడవునా కల్లాలు ఎర్రగా పరుచుకుని ఉన్నాయి, కారు అద్దాలు దించితే ఘాటుకు తుమ్ములు. ఆ ఎరుపును ఫొటో తీయడానికి ఫోన్ తీసి, పక్కనున్న మనిషిని చూసి మళ్లీ సంచిలో పెట్టేశాను. మహబూబాబాద్ స్టేషన్ దగ్గర మెస్‌లో భోజనం చేశాం. యాకయ్య అన్నం కెలుకుతుంటే వడ్డించే ఆవిడ ఊరుకోలేదు. కూర నచ్చలేదా అని అడిగి, జవాబు కోసం ఆగకుండా పెరుగు తెచ్చి పోసింది. అది మాత్రం తిన్నాడు.

మూడు దాటాక భూపాలపల్లి చేరాం. బొగ్గు లారీల వెనక పాకుతూ బజారులోకి పోయేసరికి మరో అరగంట. ఫ్లెక్సీ ఎండకు వెలిసిపోయి దుకాణం పైన అట్లాగే వేలాడుతోంది. నేను దారంతా రాసుకున్న నోటీసంతా సేటు ముందు ఏకరువు పెట్టాను. ఆయన కొట్లాడే మనిషి కాదు. బిక్కముఖం వేసుకుని, ప్రింటింగ్ వాళ్లకు మిర్చి రైతు ఫొటో కావాలని చెప్పాననీ, వాళ్లు నెట్‌లోంచి తీసి పెట్టారనీ చెప్పాడు. "ఏడనో గుంటూరు దిక్కు మనిషి అనుకున్నం మేడం. ఈడ ఎవరు గుర్తుపడ్తరు" అన్నాడు. ఇప్పుడే దింపేస్తాననీ, ఫొటోకు ఎంతో కొంత ఇస్తాననీ అన్నాడు.

యాకయ్యకు అదేమీ అక్కర్లేదు. కారెక్కి చెల్లెలి ఊరికి వచ్చి, జరిగింది తన నోటితో చెప్పమన్నాడు. సేటు నీళ్లు నమిలాడు. ఆ ఊళ్లో అదే విత్తనం కొన్నవాళ్లు ఇంకా ఉన్నారు మరి. పని ఉంది, రేపు వస్తా అన్నాడు. యాకయ్య వాదించలేదు. బయట ఫ్లెక్సీ కిందనే ఉన్న బెంచీ మీద పోయి కూర్చున్నాడు, అంతే.

మొదట నాకు అర్థం కాలేదు. మందు డబ్బాల కోసం వచ్చిన ఇద్దరు రైతులు పైకి చూశారు, కిందికి చూశారు, మళ్లీ పైకి చూశారు. ఒకాయన దగ్గరికి వచ్చి, "గీ ఫొటోల ఉన్నది నువ్వేనాయె?" అని అడిగాడు. యాకయ్య అవునన్నాడు. ఆ విత్తనం నిజంగా వేశావా అని అడిగితే, "దాని సంచి రంగు గూడ నేను చూడలె" అన్నాడు. పక్క దుకాణంలో వాళ్లూ వచ్చారు. నలుగురు ఆరుగురయ్యేసరికి సేటు గల్లాపెట్టెకు తాళం వేసి, చెప్పులేసుకుని తనంతట తనే వచ్చి కారులో కూర్చున్నాడు. నాకు నవ్వొచ్చింది. యాకయ్య మాత్రం నవ్వలేదు.

చెల్లెలు సోమక్క ఊరు రేగొండ వైపు, భూపాలపల్లి నుంచి ముప్పావుగంట. ఇంటి ముందు పందిరికి గుంజలు పాతుతున్నారు. అన్నను చూసి సోమక్క గుమ్మంలోనే ఆగిపోయింది. సేటు నిలబడే చెప్పాడు. ఫొటో నెట్‌లోంచి తీసుకున్నామనీ, ఈ మనిషిని ఇంతకు ముందు చూడనే లేదనీ, ఈయనకు ఒక్క పైసా ఇవ్వలేదనీ చెప్పాడు. నేను అసలు ఫొటో చూపించాను. సోమక్క ఫోన్ తీసుకుని తన వదిన ముఖాన్ని, భుజం మీది చేతిని చూసింది. రాజయ్య మాత్రం ఫోన్ ముట్టలేదు, తల వంచుకుని కూర్చున్నాడు.

"ఏసేముందు ఒక్క ఫోన్ జేస్తే అయిపోతుండె గద చెల్లె" అన్నాడు యాకయ్య.

"నీ ముఖం జూసినంక ఇంక అడుగుడెందుకనుకున్నమన్నా" అంది సోమక్క.

సోమక్క లోపలికి పోయి కుంకుమ భరిణె, పెళ్లి కార్డు తెచ్చి, అన్న నుదుట బొట్టు పెట్టి, ఏడుస్తూనే కార్డు చేతిలో పెట్టింది. రాజయ్య అప్పుడు లేచాడు. "తప్పు మాదే బావ. కని తోట మల్ల రాదు" అన్నాడు. అది యాకయ్యతో అన్నా చూపు సేటు మీదే ఉంది. కంపెనీ వాళ్లను తీసుకొచ్చి చేను చూపిస్తానని సేటు మాట ఇచ్చాడు. ఇది రాస్తున్న రోజు దాకా ఎవరూ రాలేదని తెలిసింది.

యాకయ్య ఆ రాత్రి అక్కడే ఉండిపోయాడు. నేను సేటును దింపే కారులోనే భూపాలపల్లి వచ్చి, ఆయన ఫ్లెక్సీ దింపడం చూసి, హన్మకొండ బస్సు పట్టుకున్నాను. ఆ బస్సులు అరగంటకొకటి దొరుకుతాయి, హన్మకొండ నుంచి హైదరాబాద్ పోయే బస్సులు జనగామలో ఆగుతాయి. కిటికీ పక్కన కూర్చుని ఆలోచిస్తే పొద్దుటి నా కోపం నాకే చిన్నగా కనిపించింది. నేను పోగొట్టుకున్నది మూలన రాసుకున్న పేరు. ఫ్లెక్సీ దింపితే నా తగువు తీరిపోయింది. కానీ ఆ ముఖాన్ని నమ్మి నాటిన చేనును మళ్లీ నిలబెట్టడం ఎవరి వల్లా కాదు. నెట్‌లో కనిపించే మనిషికి ఊరు ఉండదనీ, చుట్టాలు ఉండరనీ అనుకోవడం వల్లే ఇదంతా జరిగింది. పెళ్లయ్యాక యాకయ్య ఒక ఫొటో పంపాడు, గంపలో మేనకోడలు, గంప పట్టుకుని ఆయన. కింద ఒక ముక్క కూడా రాశాడు: "ఇది మీకే మేడం, నెట్ల పెట్టకున్రి." పెట్టలేదు.

ఈ దారిలో పోయేవాళ్లకు ఒక్క సలహా. కల్లాల కాలంలో పోతే ఫొటో తీయకుండా ఉండలేరు. అడిగి తీయండి, ఎక్కడ పెడతారో చెప్పండి, వచ్చేముందు మీ ఫోన్ నంబరు వాళ్ల దగ్గర ఉంచి రండి. మీ ఫొటో వాళ్ల ముఖాన్ని ఎక్కడికి మోసుకుపోయిందో మీకంటే ముందు వాళ్లకే తెలుస్తుంది.