మ్యూట్ నొక్కని షంషాద్ టీచర్

నిన్న ఆదివారం ఆన్‌లైన్ బొమ్మల క్లాసులో ఎవరింట్లోనో కుక్కర్ విజిల్ వేసింది. "మ్యూట్‌లో పెట్టుకోండమ్మా" అనబోయి ఆగిపోయాను. ఒకప్పుడు ఆ విజిల్ మా షంషాద్ టీచర్ ఇంట్లోంచి వచ్చేది. నరసరావుపేటలో మా బడి డ్రాయింగ్ టీచర్ ఆమె. నా చేత మొదటిసారి పెన్సిల్ సరిగ్గా పట్టించింది ఆమే. కుటుంబాల కోసం వారం వారం క్లాసు నడపమని ఒక మ్యూజియం వాళ్ళు నాకు అప్పగిస్తే, రిటైరై ఇంట్లో ఊరికే కూర్చున్న మనిషిని నాకు తోడుగా చెప్పమని నేనే పిలిచాను. కోరి కొరివితో తల గోక్కున్నట్టయింది.

మ్యూట్ నొక్కేవారు కాదు. కోళ్ళు, కుక్కరు, వీధిలో ఉల్లిపాయల ఆటో మైకు, అన్నీ క్లాసులోకి వచ్చేవి. గోడకు ఆనించిన ఫోను జారిపోతే మా అందరికీ ఆమె ఇంటి ఫ్యానే గతి. "టీచర్, కెమెరా!" అని నేను గొంతు చించుకుంటే, "నా మొహం ఏం జూస్తారే, బొమ్మ జూసుకోమను" అనేవారు. అయినా అందరికంటే ముందు వచ్చి కూర్చునేది ఆమే. ఎవరైనా ఆమెను మళ్ళీ టీచర్ అని పిలిచేది వారం మొత్తం మీద ఆ ఒక్క గంటే.

అసలు తంటా "సూపర్" దగ్గర వచ్చింది. ఎవరు ఏ బొమ్మ చూపించినా సూపర్ అనాలని మ్యూజియం మేడమ్ చెప్పింది. నేను అనేదాన్ని. టీచర్ అంటేగా! ఒకరోజు కారంపూడి నుంచి ఒకావిడ, తన కూతురు వేసిందంటూ నెమలి బొమ్మ చూపించింది. పక్కన ఆ చిన్నపిల్ల క్రేయాను మీది కాయితం ఒలుచుకుంటోంది.

"ఏమ్మా, ఇది నువ్వేసిందే గదా?" అన్నారు టీచర్ ఆ తల్లితో, అందరూ వింటుండగా.

ఆవిడ మొహం మాడిపోయింది, ఫోను కట్టేసింది. సాయంత్రానికి మ్యూజియానికి ఫిర్యాదు వెళ్ళింది. ఇక టీచర్‌ను రావద్దని చెప్పమంది మేడమ్. నాకు ఒళ్ళు మండిపోయింది. వెంటనే టీచర్‌కు ఫోన్ చేశాను.

"ఒక్కసారి సూపర్ అంటే మీ సొమ్మేం పోయేది? మిమ్మల్ని తీసేయమంటున్నారు!"

"తీసేస్తారంటనా?" అన్నారు. ఆ గొంతు అంత చిన్నగా నేనెప్పుడూ వినలేదు. అంతలోనే, "ఏమే, ఆమె చానా బాగా ఏసిందే. ఆ మెడ ఒంపు జూశావా? తిట్టాననుకుందా ఏంది, పిచ్చిది! నెంబరియ్యి" అన్నారు.

వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఆవిడ ఫిర్యాదు వెనక్కి తీసుకుంది. తర్వాతి ఆదివారం తల్లీకూతుళ్ళు చెరో కాయితం పెట్టుకుని కూర్చున్నారు. పిల్ల ఐదు కాళ్ళ బర్రెను చూపించింది. టీచర్ కళ్ళజోడు సర్దుకుని ఉలుకూ పలుకూ లేకుండా ఉండిపోయారు. నెట్ ఆగిందేమోనని, "టీచర్, వినపడుతోందా?" అని కేకేశాను.

"ఉండవే, చూస్తన్నా" అని నన్ను కసురుకుని, "ఈ కాలు ఎటు పోతందమ్మా?" అని పిల్లనడిగారు. అంతవరకూ నోరు విప్పని పిల్ల, బర్రె చేలో పడిన సంగతంతా చెప్పి గానీ ఆగలేదు. పక్కన తల్లి తల వంచుకుని తన బొమ్మ తాను వేసుకుంటోంది.

టీచర్ పోయి ఏడాదైంది. ఆమె మీద విసుగు మాత్రం నాకింకా పోలేదు. ఆమె పుణ్యమా అని నా క్లాసు ఏనాడూ టైముకు పూర్తికాదు. ఎవరైనా బొమ్మ ఎత్తి చూపిస్తే నాకు వెంటనే మాట రాదు. "మేడమ్, మీ నెట్ ఆగిపోయినట్టుంది" అంటారు తల్లులు.

ఆగలేదమ్మా, చూస్తున్నాను.